పేలు ఎవరివి? గుండు ఎవరికి?

ఈ టపా వ్రాయాలా వద్దా అని పది రోజులు తటపటాయించాను. పుస్తకాల గురించీ, పాత పాటల గురించీ, అప్పుడప్పుడు మా ఊరి కాలువగట్టు గురించీ వ్రాసుకునే చోట పేల గురించి వ్రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఆ సంకోచమే ఈ కథలో అసలు ముద్దాయి అని తరువాత తెలిసివచ్చింది. ఇంట్లో పేలున్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు ఆ నిందను ఇంకొకరి తలమీదకు తోస్తారు. నేను సరిగ్గా అదే చేశాను. కనుక ఈ వాదం మొదట నామీద, తరువాతే మిగిలినవారి మీద.

డిసెంబరు మొదటి వారంలో మా అమ్మాయి (ఎనిమిదేళ్ళు, మూడవ తరగతి) బడి నుండి ఒక చీటీ తెచ్చింది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. మీ పాప తలలో పేలు కనబడ్డాయి, ఈపులతో సహా పూర్తిగా పోయేవరకు బడికి పంపవద్దు, ఇంట్లో పరిశుభ్రత పాటించగలరు, అని వాటి సారాంశం. ఆ ఉదయం ఒక ఆయా పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి, పెన్సిలు కొసతో జుట్టు పాయలు తీసి చూసిందట. ముగ్గురు ఆడపిల్లలను వరుసలోంచి తప్పించి నల్లబల్ల దగ్గర నిలబెట్టారట. మా అమ్మాయి ఏడవలేదు. "అమ్మా, నేను మురికిగా ఉంటానా?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు నేను సమాధానం చెప్పలేదు. "నువ్వు ఎవరితో ఆడుతున్నావు?" అని ఎదురు ప్రశ్న వేశాను.

జవాబు నాకు ముందే తెలుసు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు మా అమ్మాయి ఈడు కూతురు ఉన్నది. దసరా వెళ్ళిన తరువాత పాలమూరు జిల్లా నుండి వచ్చి, సెల్లారులో మెట్ల కింద గదిలో దిగారు వాళ్ళు. ఆ పిల్ల వీధి చివరి సర్కారు బడిలో చదువుతుంది. సాయంత్రాలు వీళ్ళిద్దరూ లిఫ్టు పక్కన చాక్‌పీసుతో గళ్ళు గీసి, తలకు తల ఆనించి అష్టాచెమ్మా ఆడుకుంటారు. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. ఆ సాయంత్రమే ఆ పిల్ల తల్లిని పిలిచి, "మీ అమ్మాయికి పేలున్నట్లున్నాయి, కాస్త చూసుకో. అంతవరకు పైకి పంపకు" అన్నాను. గొంతు పెంచలేదు. చాలా మర్యాదగానే అన్నాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన ఆమెను నేను "నువ్వు" అంటాననీ, ఆమె నన్ను "మీరు" అంటుందనీ కూడా అప్పుడు నా బుద్ధికి తట్టలేదు.

రెండు రోజుల తరువాత ఆ పిల్ల గుండుతో మెట్లమీద కూర్చుని కనిపించింది. చెవుల వెనుక రెండు చోట్ల బ్లేడు గాట్లు. పసుపు అద్దారు. తల్లి నన్ను చూసి లేచి నిలబడింది. "గుండు గీయించినం మేడమ్. ఇగ పాపతోని ఆడుకోవచ్చునా?"

ఆ వాక్యం విన్న తరువాత కూడా నేను నా అభియోగాన్ని అనుమానించలేదు. అయ్యో అనుకున్నాను, అంతే. అనుమానం ఆ రాత్రి మా అమ్మాయి తల దువ్వుతున్నప్పుడు మొదలయింది.

పేను గుడ్డు పెట్టే పద్ధతి తెలిస్తే నా అనుమానం మీకూ అర్థమవుతుంది. గుడ్డు పొదగడానికి మాడు వేడి కావాలి. కాబట్టి ఆడపేను సాధారణంగా వెంట్రుక మొదట్లో, మాడుకు అరసెంటీమీటరు దగ్గరలో గుడ్డును జిగురుతో అంటిస్తుంది. మనం ఈపి అనేది దానినే. వారం పది రోజులలో పిల్ల బయటికి పోతుంది. డొల్ల మాత్రం జిగురు పట్టుతో అక్కడే ఉండిపోయి, వెంట్రుక పెరిగిన కొద్దీ మాడు నుండి దూరమవుతూ ఉంటుంది. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే మాడు నుండి డొల్ల ఎంత దూరాన ఉన్నదో కొలిస్తే, అది ఎన్ని నెలల నాటిదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

మా అమ్మాయి మెడ వెనుక జుట్టులో తెల్లటి డొల్లలు నాలుగు సెంటీమీటర్ల దూరాన ఉన్నాయి. పిల్ల జామెట్రీ బాక్సులోని స్కేలుతోనే కొలిచాను. నాలుగు నెలలు. డిసెంబరులోంచి నాలుగు తీసివేస్తే ఆగస్టు. ఆ పిల్ల మా అపార్ట్‌మెంటుకు వచ్చింది అక్టోబరులో.

వేడి ప్రాంతాలలో పేను ఇంకాస్త దూరాన కూడా గుడ్డు పెట్టగలదని వైద్యులంటారు. కనుక స్కేలు ఒక్కటే కోర్టులో నిలిచే సాక్ష్యం కాదని ఒప్పుకుంటాను. కాని రెండవ సాక్షి మా ఇంట్లోనే ఉన్నారు. "చవితి పూజలో కూర్చున్నప్పుడే తల గోక్కుంటున్నదని చెప్పానుగా అమ్మాయ్" అన్నారు మా అత్తగారు. చెప్పారు. చుండ్రు అని కొట్టిపారేశాను. పేను కొరికినచోట పుట్టే దురద దాని లాలాజలానికి మన ఒంట్లో కలిగే ఎలర్జీ. మొదటిసారి పేలు పట్టినవారిలో ఆ దురద మొదలు కావడానికే నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. వినాయక చవితికే గోక్కుంటున్నదంటే, ఆ పేలు శ్రావణం నాటికే మా ఇంట్లో కాపురం పెట్టాయన్నమాట.

ఇక మూడవ సాక్షి ఆ తల్లి. మరునాడు నేను కిందికి వెళ్ళి అడిగితే, తలవంచుకునే చెప్పింది: "మా పిల్లకు నేను వారం వారం దువ్వుతనే ఉంటి మేడమ్. పేన్లు దొరకలె. మీరన్నరని గీయించిన."

వారంవారం తల దువ్విన ఇంటికి గుండు వచ్చింది. నాలుగు నెలలుగా తల చూడని ఇంటికి చీటీ వచ్చింది. ఆ చీటీని నేను కింది అంతస్తుకు బదిలీ చేశాను. మా అమ్మాయికి గుండు గీయిద్దామని మా అత్తగారు అనలేదు, మా వారు అనలేదు, బడివాళ్ళూ అనలేదు. దాని జడ మీద ఎవరికీ చేయి వెళ్ళలేదు. ఈ తేడాను సమర్థించగల వైద్యశాస్త్రం ఏదీ లేదు.

పేల విషయంలో మన చదువుకున్న ఇళ్ళలో చలామణి అవుతున్న వాదాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

మొదటిది: "పేలు మురికివాళ్ళకు పడతాయి." పేనుకు కావలసినవి రెండే, నెత్తురూ వెచ్చదనమూ. ఇవి రోజూ షాంపూ పెట్టుకునే తలలోనూ ఉంటాయి. తలంటినంత మాత్రాన పేను కొట్టుకుపోదు. దాని కాళ్ళ చివర కొక్కెం వంటి గోళ్ళు వెంట్రుకను చుట్టి పట్టుకుంటాయి. అది ఎగరలేదు, దూకలేదు, పాకుతుంది. ఒక తల ఇంకొక తలకు ఆనినప్పుడు వెంట్రుక మీదనుండి వెంట్రుక మీదకు నడిచిపోతుంది. చిన్నపిల్లలకు ఎక్కువగా పట్టడానికి కారణం ఇదే. వాళ్ళు గుసగుసలాడుకుంటారు, ఒకే పుస్తకంలోకి ఇద్దరు తొంగిచూస్తారు, ఒకే మంచం మీద పడుకుంటారు. స్నేహం ఎంత దగ్గరిదైతే పేనుకు దారి అంత దగ్గర.

పేదల ఇళ్ళలో పేలు ఎక్కువ కనబడవా అని అడగవచ్చు. కనబడతాయి. ఒకే గదిలో ఐదుగురు ఒకే చాప మీద పడుకుంటే ఐదు తలలూ రాత్రంతా ఆనుకునే ఉంటాయి. పొద్దున్నే పనికి పోయే తల్లికి పిల్ల తల వెతికే తీరిక ఉండదు. ఇది ఇరుకు చేసే పని. ఇరుకును మురికి అని పిలవడం మనకు సౌకర్యం. ఇరుకు అంటే దానికి మనమూ కొంత జవాబు చెప్పుకోవాలి. మురికి అంటే తప్పు వాళ్ళమీదకే పోతుంది.

ఇంకొక సాక్ష్యం చాలా పాతది. ఇజ్రాయెల్‌లోని లాకిష్ అనే పురాతన నగరం తవ్వకాలలో 2016లో బొటనవ్రేలంత చిన్న దంతపు దువ్వెన దొరికింది. సుమారు 3700 ఏళ్ళనాటిదని పండితుల అంచనా. దానిమీద గీసిన సన్నని అక్షరాలను చదివి 2022లో ప్రకటించారు. కనానీయుల అక్షరమాలలో ఇంతవరకు దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదేనట. ఇంతకూ ఆ వాక్యం చేసే ప్రార్థన ఏమిటంటే, ఈ దంతం తలలోని, గడ్డంలోని పేలను వదిలించాలని! దువ్వెన పళ్ళ మధ్య పేను అవశేషం కూడా దొరికింది. ఆ దేశంలో ఏనుగులు లేవు. దంతం దూరదేశం నుండి రావలసిందే. అది సంపన్నుల సొత్తు. అక్షరమాల శైశవంలో ఉన్నప్పుడే ఒక ధనవంతుడు తన పేలను గురించి సిగ్గులేకుండా దువ్వెన మీద చెక్కించుకున్నాడు. మనం చీటీలో మూడు వాక్యాలు చదివి తలుపు మూసుకుంటున్నాము.

రెండవది: "పేలవల్ల రోగాలు వస్తాయి, అందుకే బడికి రానీయకూడదు." ఇందులో ఒక పాత భయం ఉన్నది. 1909లో ట్యునిస్ నగరంలో చార్ల్స్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు టైఫస్ జ్వరాన్ని పేలు మోసుకుపోతాయని నిరూపించాడు. ఆ కృషికి 1928లో నోబెల్ బహుమానం వచ్చింది. కాని ఆయన పట్టుకున్నది బట్టల మడతలలో బతికే ఒంటిపేను. తలపేను దాని దగ్గరి చుట్టమే అయినా, సమాజంలో రోగాలు వ్యాపింపజేసే వాహకంగా దానిని వైద్యులు లెక్కించరు. గోక్కున్నచోట పుండ్లు పడి చీము పట్టడం, నిద్ర చెడడం, ఇవీ తలపేలు చేసే కీడు. చిన్న కీడేమీ కాదు, వైద్యం చేయవలసిందే. అయితే బిడ్డను అంటరానిదానిలా చూడవలసిన ఉపద్రవం అందులో లేదు.

బడి మాన్పించడం వలన ప్రయోజనమూ లేదు. దురద పుట్టి ఎవరైనా గమనించే సరికే ఆ పేలు ఆ తలలో నెలకు పైగా ఉండి ఉంటాయి. నెలరోజులు పక్కన కూర్చున్న పిల్లను ఒక మధ్యాహ్నం హఠాత్తుగా ఇంటికి పంపితే ఆగేదేమిటి? అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2010, 2015, 2022 సంవత్సరాల నివేదికలలో ఇదే మాట చెబుతూ వచ్చింది. పేలో ఈపులో ఉన్నాయన్న కారణంతో ఆరోగ్యంగా ఉన్న బిడ్డను బడికి దూరం చేయరాదని వారి సిఫారసు. బ్రిటన్‌లోని ప్రభుత్వ వైద్యసేవ కూడా బడి మాన్పించనవసరం లేదనే అంటుంది. మా అమ్మాయి తొమ్మిది రోజుల పాఠాలు పోగొట్టుకున్నది. చివరి నాలుగు రోజులు కేవలం ఖాళీ డొల్లల కోసం. పిల్ల ఎగిరిపోయిన గూటిని చూపించి పక్షి ఉన్నదనడం వంటిది అది.

మూడవది: "మా అమ్మమ్మలు కిరసనాయిలు రాసేవారు, ఏమయింది?" ఈ వాదం నాకు కష్టమైనది, ఎందుకంటే నేనూ ఆ అమ్మమ్మ మనవరాలినే. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగుమీద ఒకరి వెనుక ఒకరు కూర్చుని, ముందున్న తలలో పేలు చూస్తూ ఊరి సంగతులన్నీ నెమరువేసుకునే ఆడవాళ్ళు నా చిన్ననాటి జ్ఞాపకాలలో చాలా ఇష్టమైన దృశ్యం. పేలు కుక్కిన చేతులలో అసహ్యం ఉండేది కాదు. వెతకడమంటే ప్రేమ. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందన్న సామెత ఆ అరుగుల మీద పుట్టిందే అయి ఉంటుంది. అంతవరకు ఆ సంప్రదాయం నాకు శిరోధార్యం.

కిరసనాయిలు మాత్రం కాదు. అది చర్మాన్ని కాలుస్తుంది. ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా తెస్తుంది. పొయ్యి దగ్గరికి పోయిన బిడ్డ అంటుకుంటుంది. సీతాఫలం గింజల పొడి ఇంకొకటి. అది పేలను చంపే మాట నిజమే. ఆ పొడి ముద్ద కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర ఒరిసిపోయి కన్ను భరించలేని మంటతో మూసుకుపోతుంది. ఇలాంటి కేసులు మన దేశపు కంటి వైద్యులకు కొత్తవి కావు. కర్పూరం కలిపిన నూనె పసిబిడ్డలకు మూర్ఛలు తెప్పించగలదు. పొలానికి, నల్లులకు చల్లే మందులు తలకు పూయడం మరీ ఘోరం. ఒకప్పుడు పేలమందుగా సీసాలలో అమ్మిన లిండేన్ కూడా ఆ జాతిదే. నాడీమండలానికి హాని చేస్తుందనీ నీటిలో నిలిచిపోతుందనీ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2002లో ఆ మందును నిషేధించింది. స్టాక్‌హోమ్ ఒడంబడిక దానిని 2009లో ప్రపంచమంతటా తొలగించవలసిన విషాల పట్టికలో చేర్చింది, పేలకూ గజ్జికీ మందుగా వాడుకోవడానికి మాత్రం కొంతకాలం మినహాయింపు ఇచ్చి. పాత సీసా ఏ అలమరలోనైనా ఉంటే తీసి పారేయండి.

నాలుగవది: "గుండు గీయిస్తే ఒక్కరోజులో పోతాయి కదా." పోతాయి. వెంట్రుకే లేకపోతే గుడ్డు అంటించడానికి చోటుండదు. అబద్ధమాడను. కాని తిరుమలలో భక్తితో ఇచ్చిన గుండుకు మనం దారి ఇచ్చి నమస్కరిస్తాము. పేలకోసం గీయించిన గుండును చూసి నవ్వుతాము. రెండూ ఒకే క్షవరం. మొదటిదానిలో ఇచ్చినవారి ఇష్టం ఉన్నది. రెండవదానిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. పైగా పేలు మళ్ళీ రావని గుండు హామీ ఇవ్వదు. జుట్టు రెండంగుళాలు పెరిగి, పక్క తలలో పేలుంటే కథ మొదటికి వస్తుంది. ఒక దువ్వెనతో, రెండువారాల ఓపికతో నయమయ్యేదానికి ఏడాది పాటు మోయవలసిన గుర్తును వేయడం శిక్ష అవుతుంది గాని చికిత్స కాదు.

సరే, విమర్శించడం సులభం, చేయవలసినదేమిటి అంటారా? నేను చేసినది, మా పిల్లల డాక్టరుగారు సరేనన్నది, వివరంగా వ్రాస్తాను. ఇదే నాకు నాలుగు నెలల ముందు ఎవరైనా చెప్పి ఉండవలసింది.

ముందు గుర్తించడం. పొడి జుట్టును వేళ్ళతో పాయలు తీసి చూస్తే పేలు సులభంగా తప్పించుకుంటాయి. వెలుతురు పడగానే పరుగెత్తుతాయి. తలంటి, తడిజుట్టుకు కండిషనరు ధారాళంగా పట్టించి, మామూలు దువ్వెనతో చిక్కులు తీయాలి. ఆ తరువాత సన్నని పళ్ళున్న పేలదువ్వెనను మాడుకు ఆనించి, కొసదాకా ఒక్క లాగుడుగా లాగాలి. లాగిన ప్రతిసారీ తెల్లని గుడ్డమీద తుడిచి చూడాలి. చెవుల వెనుక, మెడ పైభాగాన ముఖ్యంగా. పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది, పిల్లపేను అంతకంటే బాగా చిన్నది. కదిలే పేను ఒక్కటి కనబడితే చాలు, పేలున్నట్లే. ఈపులు మాత్రమే కనబడితే తొందరపడకండి. చుండ్రు పొట్టు విదిలిస్తే రాలుతుంది, ఈపి గోటితో లాగినా కదలదు. మాడుకు దగ్గరగా గోధుమరంగులో ఉన్నవి బతికినవి కావచ్చు. దూరంగా తెల్లగా మెరిసేవి దాదాపు ఎప్పుడూ డొల్లలే.

తరువాత చికిత్స. దువ్వెన ఒక్కటే ఆయుధంగా పెట్టుకున్నవారు మొదటిరోజు, ఐదవరోజు, తొమ్మిదవరోజు, పదమూడవరోజు ఇదే విధంగా తలంతా దువ్వాలి. పదిహేడవరోజు ఒకసారి సరిచూడాలి. ఈ లెక్కకు కారణం ఉన్నది. గుడ్లు పొదగడానికి వారం పదిరోజులు పడుతుంది. పుట్టిన పిల్ల ఎదిగి తాను గుడ్లు పెట్టడానికి మరొక తొమ్మిది పదిరోజులు పడుతుంది. నాలుగురోజులకొకసారి దువ్వితే ఏ పిల్లా తల్లి అయ్యేదాకా మిగలదు. మా ఇంట్లో మొదటిరోజు పదకొండు పేలు వచ్చాయి. ఐదవరోజు మూడు పిల్లపేలు. తొమ్మిదవరోజు ఒకటి. పదమూడవరోజు గుడ్డ తెల్లగానే ఉంది.

మందు వాడదలచినవారు డాక్టరును అడిగి వాడండి. పేలకు వాడే పెర్మెత్రిన్ ఒక శాతం లోషన్. గజ్జికి అమ్మే ఐదు శాతం మందును అదేననుకుని తలకు పూయకండి. తువ్వాలుతో తుడిచిన జుట్టుకు పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి. గుడ్లన్నిటినీ అది చంపలేదు కనుక తొమ్మిదవరోజున మళ్ళీ వాడాలి. రెండవసారి మరచిపోయి మందు పనిచేయలేదనేవారే ఎక్కువ. అయితే చాలా దేశాలలో పేలు ఈ మందుకు నిజంగానే అలవాటుపడ్డాయి. డైమెథికోన్ అనే సిలికోన్ నూనె విషంతో గాక పేనును కప్పివేసి చంపుతుంది కాబట్టి దానికి ఆ చిక్కు తక్కువ. ఐవర్మెక్టిన్ మాత్రలు డాక్టరు వ్రాస్తేనే, పదిహేను కిలోలకు తక్కువ బరువున్న పిల్లలకు అసలే వద్దు.

దువ్వెన మెరుగా మందు మెరుగా అన్న తగవులో నాకు పక్షపాతం ఉంది గాని అధ్యయనాలు రెండు వైపులా ఉన్నాయి. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వేల్స్ అధ్యయనంలో మలాథియాన్ మందు వాడినవారిలో 78 శాతానికి, దువ్వుకున్నవారిలో 38 శాతానికి నయమయింది. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో లెక్క తిరగబడింది, దువ్వెనకు 57, దుకాణంలో దొరికే మందులకు 13. మందు బలం పేను అలవాటుపడేదాకా. దువ్వెన బలం దువ్వేవారి ఓపిక ఉన్నంతదాకా. ఏది ఎంచుకున్నా ఇంట్లో అందరి తలలూ ఒకేరోజు చూడాలి. (నా తలలో రెండు దొరికాయి. ఇది కూడా వ్రాయకపోతే ఈ టపాకు అర్థం లేదు.) దిండు గలేబులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికితే చాలు. తల విడిచిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. ఇల్లంతా మందు కొట్టించడం డబ్బు దండుగ, ఊపిరికి చేటు.

బడి ప్రధానోపాధ్యాయినికి ఇదంతా వ్రాసి ఒక ఉత్తరం ఇచ్చాను. ఆమె ఓపికగా విన్నారు. "మీరన్నది నిజమే కావచ్చు గాని, మిగిలిన తల్లిదండ్రులు ఊరుకోరండీ" అన్నారు. నేను అడిగింది ఇంతే. తరగతిలో ఒక బిడ్డకు పేలు కనబడితే పేరు చెప్పకుండా, ఎవరినీ వరుసలోంచి తప్పించకుండా, తరగతిలోని అన్ని ఇళ్ళకూ ఒకే చీటీ పంపండి. ఈ శనివారం రాత్రి అందరూ తమ పిల్లల తలలు తడిదువ్వెనతో చూడండి, ఇలా చూడాలి, అని అందులో వ్రాయండి. ముప్ఫై ఇళ్ళు ఒకే రాత్రి దువ్వితే పేను పోవడానికి ఇంకొక తల దొరకదు. ముగ్గురిని నిలబెడితే మిగిలిన ఇరవైయేడు ఇళ్ళూ చూసుకోవు, ఎందుకంటే తమ బిడ్డను నిలబెట్టలేదు కదా. ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు.

ఆ తల్లికి క్షమాపణ చెప్పాను. "మీరు" అని పిలిచి చెప్పాను. ఆమె కంగారుపడి, "అయ్యో, గట్లనకుండ్రి మేడమ్" అన్నది. నా క్షమాపణ వలన ఆమెకు కలిగినది ఇబ్బందే తప్ప ఊరట కాదని ఆ ముఖం చూస్తే తెలిసింది. మా అమ్మాయి రోజూ కిందికి వెళుతున్నది, నేను ఆపడం లేదు. ఇద్దరూ మళ్ళీ అష్టాచెమ్మా ఆడుతున్నారు. కాని ఆ పిల్ల మాత్రం ఇప్పుడు గళ్ళకు కాస్త ఎడంగా కూర్చుంటుంది. గవ్వలు వేయవలసినప్పుడు చేయి మాత్రమే చాపుతుంది. తల వంచదు. జుట్టు రెండు సెంటీమీటర్లు పెరిగింది.

మిత్రులారా, మీలో బడిపిల్లలున్నవారు ఈ వారాంతంలో ఒక పేలదువ్వెన కొని మీ పిల్లల తలలు చూడండి. మా పిల్లలకెందుకుంటాయి అనుకునేవారు ముందుగా చూడండి. దొరికితే నలుగురికీ చెప్పండి, ముఖ్యంగా మీ పిల్లలతో ఆడుకునే పిల్లల తల్లులకు, మా ఇంట్లో ఉన్నాయి, మీరూ ఒకసారి చూసుకోండి అని. మీ ఇంట్లో ఉన్నాయి అని మొదలుపెట్టకండి. ఆ ఒక్క మాట తిరగవేసినందుకు మా మెట్లమీద ఒక పిల్ల జుట్టు పోయింది.